మెచ్చుకోవడం రాని డాక్టరు

వెస్టర్‌డాల్‌లో ఎవరైనా ఎదుటి మనిషిని మొహం మీద పొగిడితే, పక్కనున్నవాళ్ళు ముందు అతనికి ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటారు. మాది నార్త్ డకోటాలో గోధుమ చేల మధ్య ఉన్న చిన్న ఊరు. మా తాతలు నార్వే నుంచి ఓడెక్కి వస్తూ దుప్పట్లూ, ఎండు చేపలూ, ప్రార్థన పుస్తకాలూ తెచ్చుకున్నారు గాని, మెచ్చుకోలు మాటలు మాత్రం చోటు చాలక అక్కడే వదిలేసి వచ్చినట్టున్నారు. చర్చి కింది గదిలో ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ నిలబడి వండింది మారు వడ్డించుకుని, మళ్ళీ మారు వడ్డించుకుని తిన్నవాడు కూడా మూతి తుడుచుకుని "తినొచ్చు" అంటాడు. అది విన్న ఇల్లాలు వారమంతా హుషారుగా ఉంటుంది. "ఫర్లేదు" అన్నారంటే ఇక చెప్పనే అక్కర్లేదు, ఆ మాట ఇంటిదాకా మోసుకెళ్ళి మొగుడికి చెబుతుంది.

పొగడడమే కాదు, కాదనడం కూడా మాకు చేతకాదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్ళడం ఇష్టం లేకపోతే, చావనైనా చస్తాం గాని ఇష్టం లేదని అనం. "తీరిక లేదు" అంటాం. కోతలో, ఆవు ఈనడమో, వాకిట్లో మంచు ఎత్తిపోసుకోవడమో, ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా. అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. మా ఊళ్ళో దాన్ని ఎవరూ అబద్ధాల్లో జమ కట్టరు. సిగ్నీ క్వామె అనే పిల్ల కొంప ముంచింది ఈ రెండు అలవాట్లే.

సిగ్నీకి పదహారేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి ధాన్యం ఎత్తే యంత్రంలో పడి నలిగిపోయింది. కొట్టంలో చీకటి. అంబులెన్సు ఎంతకీ రాదు. ఊరికి ఒక్కడే డాక్టరు, ఓర్విల్ టోర్విక్, తన పాత ట్రక్కేసుకుని వచ్చి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, "టార్చి నువ్వు పట్టుకో" అన్నాడు సిగ్నీతో. పట్టుకుంది. తల తిప్పుకోలేదు. నాన్న చెయ్యి పోయింది గాని మనిషి దక్కాడు. అంతా అయ్యాక టోర్విక్ బయట బకెట్‌లో చేతులు కడుక్కుంటూ "వెలుగు కదల్లేదు" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన జన్మలో ఎవరినైనా అంతకంటే ఎక్కువ పొగిడాడంటే నేను నమ్మను. సిగ్నీ ఆ రెండు మాటలూ మనసులో పెట్టుకుని, తనూ డాక్టరే అవుతానని ఆ రాత్రే నిశ్చయించుకుంది.

కాలేజీ చదువు ముగించుకుని తిరిగొచ్చి టోర్విక్ ఆసుపత్రిలోనే సహాయకురాలిగా చేరింది. బరువులు చూడడం, రక్తపోటు చూడడం, కట్లు మార్చడం, ముసలివాళ్ళ సణుగుడు వినడం ఆమె పని. ఇదంతా మామూలే. మామూలు కానిది ఒకటుంది. ఎక్స్‌రే తెర మీద పెట్టగానే టోర్విక్ తను నోరు విప్పకుండా, "ఏం కనిపిస్తోంది?" అని సిగ్నీని అడిగేవాడు. సరిగ్గా చెబితే "ఊఁ" అనేవాడు. తప్పు చెప్పినా "ఊఁ" అనేవాడు, కాస్త సాగదీసి. సిగ్నీకి ఆ రెండు ఊఁలకీ తేడా బాగా తెలుసు. డెబ్బై దాటినా ఆయన ఆసుపత్రి మూయకుండా ఎవరికోసం కూర్చున్నాడో ఊరంతటికీ తెలుసు. వాళ్ళిద్దరి మధ్య మాత్రం ఆ ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

మెడికల్ కాలేజీ సీటుకి మార్కులూ, ప్రవేశ పరీక్షా చాలవు. మన గురించి తెలిసినవాళ్ళు సిఫారసు ఉత్తరాలు రాయాలి. సైన్సు చెప్పిన పంతుళ్ళు ఇద్దరు, పనిలో మనల్ని చూసిన డాక్టరు ఒకరు. వాళ్ళు రాసింది తిన్నగా కాలేజీకే పోతుంది. ఆ ఉత్తరాలు మేం చదవం, చదివే హక్కు వదులుకుంటున్నాం అని ముందే సంతకం పెట్టాలి. సిగ్నీ ఆ సంతకం చాలా సులువుగా పెట్టేసింది. తన గురించి ఎవరో రాసింది చదువుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఆమె ఊహకే అందదు. మొదటి ఏడు సీటు రాలేదు. రెండో ఏడూ రాలేదు.

రెండోసారి కూడా లేదని తేలిన మార్చి నెలలో, తను చదివిన కాలేజీలో ఇలాంటి పిల్లలకి దారి చెప్పే జోన్ పావ్లిక్ దగ్గరికి వెళ్ళింది. పావ్లిక్ పెద్దావిడ, బయటి రాష్ట్రం మనిషి, మాట కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది.

"కూర్చో సిగ్నీ. కాఫీ తాగుతావా?"

"వద్దండీ."

"కొంచెం?"

"వద్దు, మీకెందుకు శ్రమ."

మా వైపు మూడోసారి అడిగితే గాని ఒప్పుకోకూడదు. ఆ సంగతి తెలియని పావ్లిక్ రెండోసారితో ఆపేసింది. సిగ్నీ కాఫీ లేకుండానే కూర్చుంది.

"నేను ఫోన్ చేసి కనుక్కున్నాను" అంది పావ్లిక్. "నీ మార్కులకేం వంక లేదు. పరీక్ష బాగా రాశావు. ఉత్తరాల దగ్గరే ఆగిపోయిందట. ఒకటి చల్లగా ఉందన్నారు."

"ఏ ఉత్తరమండీ?"

"అది చెప్పరు. చెప్పకూడదు కూడా."

"చల్లగా అంటే? చెడ్డగా రాశారా?"

"చెడ్డగా రాసినా నయమే, కోపమొచ్చిందేమో అనుకుంటారు. పొడిపొడిగా రాశారు. చూడు, అక్కడ కూర్చుని చదివేవాళ్ళకి వచ్చే ప్రతి ఉత్తరమూ 'నా ఉద్యోగంలో ఇలాంటి విద్యార్థిని చూడలేదు' అనే ఉంటుంది. ఆ మధ్యలో ఒకాయన 'వేళకి వస్తుంది' అని రాశాడనుకో. పాపం, చెప్పుకోడానికి ఇంకేమీ దొరకలేదు కాబోలు అనుకుని పక్కన పెట్టేస్తారు."

రాసిన ముగ్గురిలో పంతుళ్ళిద్దరూ మాటకి ముందు ఆహా ఓహో అనేవాళ్ళే. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా?

"డాక్టర్ టోర్విక్‌కి నేనంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ మాట ఎలా ముగించాలో ఆమెకి తెలియలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు మరి.

"నేను ఎవరి పేరూ అనలేదు" అంది పావ్లిక్. "ఉత్తరం ఎవర్ని అడగాలంటే, నిన్ను బాగా ఎరిగినవాళ్ళని అడగమంటారు అందరూ. ఎరిగితే చాలదు తల్లీ, ఎరిగింది నోరు విప్పి చెప్పాలి. వెళ్ళి 'నాకోసం గట్టి ఉత్తరం రాయగలరా' అని అడుగు. ఆ 'గట్టి' అనే మాట మింగెయ్యకు. ఎదుటివాళ్ళు నీళ్ళు నమిలారా, దండం పెట్టి వచ్చెయ్యి. ఇంకో పని చెయ్యి. నీలో ఉన్న మంచంతా ఒక కాయితం మీద రాసి వాళ్ళ చేతికియ్యి. చూసి రాసుకుంటారు."

"నా గొప్పలు నేనే రాసుకోవాలా?"

"అందరూ అదే చేస్తారు."

"మా ఊళ్ళో చెయ్యరండీ."

"మీ ఊళ్ళో మెడికల్ కాలేజీ లేదు కదమ్మా" అంది పావ్లిక్. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "నీ పరీక్ష మార్కులు ఈ ఏడు దాటితే చెల్లవు. మళ్ళీ మొదటి నుంచీ రాయాలి. నీకు ఓపికుందో లేదో నాకు తెలీదు గాని, నా మాట విని ఇదే ఆఖరుసారి అనుకుని వెళ్ళు."

ఓపిక లేదు. ఆ సంగతి సిగ్నీకే తెలుసు. ఇంట్లో పొలం కౌలుకిచ్చేశారు, నాన్న ఒంటి చేత్తో చెయ్యగలిగింది కొంచెమే, తల్లి మార్లిస్ బడిలో వంట చేస్తుంది. పగలు ఆసుపత్రి, సాయంత్రం పుస్తకాలు, ఇలా ఇంకో రెండేళ్ళంటే సిగ్నీ వల్ల కాదు. ఈసారి పోతే పోయినట్టే.

ఏప్రిల్లో ఒక ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ కాయితం మొదలుపెట్టింది. ఒక వాక్యం రాయడం, కొట్టెయ్యడం. మార్లిస్ గరిటె పట్టుకుని వెనకనుంచి తొంగి చూసింది.

"'ముసలివాళ్ళు నన్ను నమ్ముతారు.' ఎవరే రాసింది?"

"నేనే."

"ఎవరి గురించి?"

"నా గురించే అమ్మా."

మార్లిస్ గరిటె గిన్నెలో పెట్టి కూతురి మొహంలోకి చూసింది. "ఇది పట్టుకెళ్ళి ఓర్విల్ టోర్విక్‌కి ఇస్తావా? నాడి చూసి, నిద్ర పట్టడానికి మందు రాసిస్తాడు."

"అందరూ ఇస్తారటమ్మా."

"ఇచ్చుకోనీ. అడిగి పొగిడించుకోడం కంటే చర్చికి పైజమాతో వెళ్ళడం నయం. పోనీ, నీకు నోరు రాకపోతే నేనడగనా?"

"అమ్మా, పుణ్యముంటుంది, నువ్వు ఊరుకో."

కాయితం మాత్రం పూర్తి చేసింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది. ఆ మడత మే నెలాఖరు దాకా అక్కడే నలిగింది.

చివరికి ఒక సాయంత్రం టోర్విక్ ఇంటికి వెళ్ళింది. ఆయన పెరట్లో వంగి రూబార్బ్ కోస్తున్నాడు. మంచు కరిగాక అందరికంటే ముందు ఆయన పెరట్లోనే ఆ పుల్లటి ఎర్ర కాడలు లేస్తాయి. ప్రతి ఏడూ క్వామెల గుమ్మం ముందు ఒక కట్ట పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోవడం ఆయనకి అలవాటు.

"వచ్చావా."

"ఆఁ."

"గాలి లేదివాళ."

"రేపుంటుందేమో."

"ఉంటుంది."

ఇంతవరకూ సవ్యంగానే నడిచింది. సిగ్నీ జేబులో చెయ్యి పెట్టి కాయితం అంచు పట్టుకుంది. గట్టి ఉత్తరం రాయగలరా, గట్టి ఉత్తరం రాయగలరా అని దారంతా అనుకుంటూనే వచ్చింది. ఇక నోరు తెరవడమే తరువాయి. ఈలోగా ఆయనే అన్నాడు, కాడ మొదలు మీంచి కళ్ళెత్తకుండా.

"నెలాఖరొచ్చింది. ఉత్తరం సంగతి ఇంకా ఎత్తలేదు నువ్వు."

"అదేనండీ..."

"పాతది దాచాను. తేదీ మార్చి పంపితే సరిపోతుంది. అందులో మార్చాల్సిందేం లేదు."

మార్చాల్సిందేం లేదు. ఆ ముక్కతో సిగ్నీ జేబులోంచి వట్టి చెయ్యి బయటికి తీసింది. ఆ పాత ఉత్తరమే రెండుసార్లు తనని ముంచిందని ఈ మనిషి మొహం చూస్తూ ఎలా చెబుతుంది? నన్ను పొగడండి అని ఏ నోటితో అడుగుతుంది?

"ఈసారి మీకెందుకండీ శ్రమ" అంది. "పోయిన వేసవిలో మీరు మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు వచ్చారు చూడండి, డాక్టర్ కెండల్, ఆవిడ రాస్తానన్నారు. రాసేశారు కూడా."

ఆ మాట నిజమే. కెండల్ కాలిఫోర్నియా మనిషి. ఉన్న మూడు నెలలూ కనపడిన ప్రతిదాన్నీ అద్భుతం అంది. మా చర్చిలో కాచే నీళ్ళ కాఫీని కూడా అద్భుతం అన్న మనిషి, ఇక ఆవిడ మాటకి విలువెంతో మీరే చూసుకోండి.

"కెండల్" అన్నాడు టోర్విక్.

"అవునండీ."

ఆయన కత్తి ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోసిన కాడలన్నీ పాత పేపర్లో పెట్టి, పురికొస తెచ్చి, చుట్టూ తిప్పి ముడి వేశాడు. ఆ కట్టకి అంత ముడి అక్కర్లేదు. అయినా తీరిగ్గా, కట్టు కట్టినట్టే కట్టాడు.

"సరే" అన్నాడు. "ఇవి పట్టుకెళ్ళు. ముదిరిపోతాయి."

నాకు ఇప్పటికీ ఇద్దరి మీదా ఒళ్ళు మండుతుంది. ఎందుకు నేను వద్దు అని ఆయన ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది? మీ ఉత్తరం నన్ను నిలబెట్టడం లేదు, మళ్ళీ రాయండి అని ఈ పిల్ల అనుంటే ఏ ఆకాశం విరిగిపడేది? కానీ ఇద్దరూ వెస్టర్‌డాల్ మనుషులు. ఒకరు సరే అన్నారు, ఒకరు కట్ట పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆ ఏడాది ఉత్తరాలు గట్టిగానే పడ్డట్టున్నాయి. అక్టోబరులో మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. అంతకుముందు ఆ పిలుపు ఎన్నడూ రాలేదు. మా ఊరికి పశ్చిమాన రెండు గంటల దూరంలో ఉన్న పల్లె నుంచి వచ్చిన డాక్టరొకాయన, మార్విన్ ఓస్ట్‌బీ, ఎదురుగా కూర్చున్నాడు. పుట్టింది చికాగోలో, కానీ మా వైపు స్థిరపడి చాలా కాలమైంది. బాగా మాట్లాడాడు. నాన్న చెయ్యి గురించి విన్నాడు, పల్లెల్లో డాక్టర్లు ఎందుకు నిలవడం లేదో అడిగాడు. సిగ్నీ తడబడకుండా చెప్పింది. అంతా బాగుంది అనుకుంటూ ఉండగా ఆయన ఫైలు తిరగేశాడు. అందులో ఈ ఏటి ఉత్తరాలే ఉంటాయి, పాతవి ఉండవు.

"ఓర్విల్ టోర్విక్ దగ్గర ఇన్నేళ్ళు చేశావు. ఆయన్ని నేనెరుగుదును, ఏడాదికోసారి పల్లె డాక్టర్ల సమావేశంలో కలుస్తాం. ఆయన ఉత్తరం లేదేం?"

సిగ్నీ నిజం చెప్పాలంటే, ఆయన పొడిగా రాస్తాడు, అందుకని మానేశాను అనాలి. తనకి పని నేర్పిన మనిషిని బయటివాడి ముందు తక్కువ చెయ్యడమే అది. లేదా ఆయన ఎలాంటివాడో చెప్పాలి. కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చున్న సంగతి, మంచు తుఫానులో ట్రక్కు దిగబడితే నడుచుకుంటూ కాన్పుకి వెళ్ళిన సంగతి, ఇన్నేళ్ళుగా ప్రతి ఎక్స్‌రే ముందూ తనని ఒక డాక్టర్ని అడిగినట్టు అడిగిన సంగతి. అవన్నీ గొంతుదాకా వచ్చాయి. సీటు కోసం ఆయన్ని వాడుకున్నట్టుంటుందని సిగ్గేసింది. ఓస్ట్‌బీ చూస్తున్నాడు. అప్పుడు ఆమె నోరు, ఎప్పుడూ చేసే పనే చేసింది.

"ఆయనకి తీరిక లేకపోయిందండీ."

ఓస్ట్‌బీ కళ్ళద్దాలు తీశాడు. "ఇన్నేళ్ళు చేసిన పిల్లకి ఒక పేజీ రాయడానికా?"

"పని ఎక్కువండీ అక్కడ."

"అలాగా" అని ఫైలు మీద ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చాక, పోనీలే, ఎవర్నీ నొప్పించకుండా బయటపడ్డాను అనుకుంది. ఆ మాట మా ఊళ్ళో ఎంత తేలికో చెప్పాను కదా. కారు సగం దూరం వచ్చాక గాని, తను టోర్విక్‌ని ఎలాంటి మనిషిగా చూపించి వచ్చిందో తట్టలేదు. రోడ్డు పక్కన కారు ఆపింది. ఆయనకి ఎలా తెలుస్తుందిలే అనుకుని మళ్ళీ బయలుదేరింది. ఓస్ట్‌బీ ఆ మాట విని, పాత డాక్టరు రాయనన్నాడంటే ఈ పిల్లలో ఏదో లోపం ఉండి ఉంటుందని అనుమానపడతాడన్న ఆలోచన మాత్రం ఆమెకి రానే లేదు.

చలికాలం వచ్చింది. ఆసుపత్రిలో అంతా మామూలుగానే ఉంది, ఒక్కటి తప్ప. టోర్విక్ ఎక్స్‌రే తెర మీద పెట్టి తనే చూసుకుని, తనే చెప్పేస్తున్నాడు. "ఏం కనిపిస్తోంది?" అని అడగడం మానేశాడు. మొదట్లో తొందరలో ఉన్నాడేమో అనుకుంది సిగ్నీ. తర్వాత పెద్దతనం వల్ల మరిచిపోతున్నాడేమో అనుకుంది. ఎందుకు మానేశారని అడగలేదు, మన సిగ్నీ ఎందుకడుగుతుంది.

జనవరిలో ఫోను వచ్చింది. సీటు వచ్చింది.

మార్లిస్ వంటింట్లో నిలబడే ఏడ్చింది, ఉల్లిపాయలని చెప్పింది, తీరా చూస్తే బల్ల మీద ఉల్లిపాయలు లేవు. నాన్న ఉన్న చేత్తో కూతురి భుజం రెండుసార్లు తట్టి మంచు ఎత్తడానికి వెళ్ళిపోయాడు. కిరాణా కొట్లో, "క్వామెల పిల్లకి డాక్టరు సీటొచ్చిందట" అని ఒకరంటే, "ఫర్లేదే" అని ఇంకొకరన్నారు. ఊరంతా ఎంత పొంగిపోయిందో దాన్ని బట్టి మీరే అర్థం చేసుకోండి.

మర్నాడు పొద్దున్నే సిగ్నీ ఆసుపత్రికి వెళ్ళింది. మంచు మీద జారి పడ్డ ఒక రైతు పక్క గదిలో పడుకుని ఉన్నాడు. అతని చీలమండ ఎక్స్‌రే తెర మీద ఉంది. టోర్విక్ దాని ముందు నిలబడి ఉన్నాడు.

"సీటొచ్చిందండీ."

ఆయన తిరిగి చూశాడు. ఒక్క క్షణం మొహం వెలిగింది, అది సిగ్నీ చూసింది. "మంచిది" అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమెకి సంతోషమూ, తప్పు చేసిన బాధా కలగలిసి వచ్చాయి. ఏదో ఒకటి చెప్పి ఆయన మనసు తేలిక చెయ్యాలనిపించింది.

"మీ చేత కూడా రాయించుకుందామనే అనుకున్నానండీ. మీకు తీరిక ఉండదేమోనని..."

టోర్విక్ చెయ్యి వదిలేశాడు.

"అవును" అన్నాడు. "నాకు తీరిక లేదు. అక్టోబర్లో ఓస్ట్‌బీ ఫోన్ చేస్తే అదే చెప్పాను."

సిగ్నీకి తల కొట్టేసినట్టయింది.

"అడక్కూడదు గాని అడుగుతున్నా అన్నాడు. 'ఓర్విల్, ఆ పిల్లకి నువ్వెందుకు రాయలేదు, తనలో ఏమైనా లోపం ఉందా' అన్నాడు. నాకు తీరిక లేదన్న సంగతి నేను మొదటిసారి వినడం అప్పుడే. నన్ను అడగలేదు అన్నానంటే అక్కడితో నీ పని సరి. అందుకని, ఏ లోపమూ లేదు, పనిలో పడి రాయలేకపోయాను, తప్పు నాదే అని చెప్పాను."

"డాక్టర్, నేను..."

"నన్ను వద్దనుకున్నావు. అది తప్పు కాదు. నా ఉత్తరం పనికిరాలేదని నాతో అంటే, ఇంకోటి రాసేవాణ్ణి. ఆ రాత నాకు రాదు. నేర్చుకునేవాణ్ణి." ఆయన గొంతు పెంచలేదు. పక్క గదిలో రైతు ఉన్నాడు. "నేనేం రాశానో తెలుసా నీకు?"

"తెలీదండీ. చదవనని సంతకం పెట్టాను."

"మూడు ముక్కలు రాశాను. వేళకి వస్తుంది. చెయ్యి వణకదు. అబద్ధం ఆడదు. ఒక డాక్టరు గురించి అంతకంటే పెద్ద మాటలు నాకు తెలీవు. రెండేళ్ళూ అదే రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. మూడోసారి నువ్వు నన్ను అడక్కపోవడమే మంచిదైంది."

సిగ్నీ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, మా ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ అనని మాటలన్నీ అంది. ఆ రోజు మీరు టార్చి పట్టుకోమనకపోతే నేను ఈ చదువు జోలికే వచ్చేదాన్ని కాదు. మీలాంటి డాక్టర్ని నేను ఎక్కడా చూడలేదు. తుఫానులో మీరు నడిచి వెళ్ళిన ఇళ్ళన్నీ నాకు తెలుసు. మా నాన్న ఇవాళ బతికున్నాడంటే మీ వల్ల. మీరు ఊఁ అంటే చాలు, నాకు ఆ రోజంతా పండగ. మీలా అవ్వాలనే తప్ప నాకు ఇంకే కోరికా లేదు. అంతా అంది. ముక్కు తుడుచుకుని మళ్ళీ అంది.

టోర్విక్ మధ్యలో ఆపకుండా విన్నాడు. విన్నంతసేపూ తన చేతుల వంకే చూసుకున్నాడు. మనిషి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదంతా అక్కడ ఓస్ట్‌బీ ముందు చెప్పుంటే సరిపోయేది" అన్నాడు.

తర్వాత తెర వైపు తిరిగాడు. సిగ్నీ అలవాటు కొద్దీ పక్కకి వచ్చి నిలబడి, కళ్ళు తుడుచుకుని, ఆ చీలమండ వంక చూసింది. ఎముక మీద సన్నటి గీత ఆమెకి స్పష్టంగా కనిపించింది. ఆయన అడుగుతాడేమోనని ఎదురు చూసింది.

"చిన్న చీలిక" అన్నాడు టోర్విక్ తనలో తను అనుకున్నట్టు. "కట్టు తీసుకురా."

సిగ్నీ వెళ్ళి కట్టు తెచ్చింది.